ఎల్లింగ్టన్ బ్యాండులో జానీ హాడ్జెస్ ఆల్టో సాక్సోఫోన్

పాతరికార్డులపెట్టె

అందరికీ నమస్కారం. మూడు వారాలుగా రాత్రి పడుకునే ముందు ఒకే పాట వింటున్నాను. పేరు ‘ఇస్ఫహాన్’. జాజ్ పియానో విద్వాంసుడు డ్యూక్ ఎల్లింగ్టన్ నడిపిన ఆర్కెస్ట్రా 1966 డిసెంబరులో రికార్డు చేసింది. నాలుగు నిమిషాలు ఉంటుంది, అంతే. వెనక బ్యాండు మొత్తం ఉన్నా పాటను భుజాన మోసేది ఒక్కడే, ఆల్టో సాక్సోఫోన్ వాయించే జానీ హాడ్జెస్. మొదట్లోనే పై స్థాయిలో ఒక స్వరం పట్టుకుని నిలబడతాడు. తొందరేం లేదు. తర్వాత అక్కడి నుంచి కిందికి దిగుతాడు. మెట్టు దిగినట్టు ఉండదు, తామరాకు మీద నీటిబొట్టు జారినట్టు ఉంటుంది. ఆ జారడం మొదలైన చోట నాకు ప్రతిసారీ గొంతులో ఏదో అడ్డుపడుతుంది.

ఈయన గురించి తెలుగులో నాకు ఏమీ దొరకలేదు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను. తెలిసినవాళ్లు తెలిసింది రాయండి, కొత్తవాళ్లు విని ఏమనిపించిందో రాయండి.

ముందు నేను నాలుగు ముక్కలు చెబుతాను. హాడ్జెస్ 1907 జూలై 25న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, కేంబ్రిడ్జిలో పుట్టాడు. తర్వాత కుటుంబం బోస్టన్‌కి మారింది. చిన్నప్పుడు డ్రమ్స్, పియానో వాయించేవాడు. సాక్సోఫోన్ మాత్రం చాలావరకు సొంతంగా నేర్చుకున్నదే. 1928లో ఎల్లింగ్టన్ బ్యాండులో చేరాడు. మధ్యలో నాలుగేళ్లు తప్ప, 1970లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. లెక్క వేస్తే దాదాపు 38 ఏళ్లు ఒకే బ్యాండులో, ముందు వరసలో, అదే కుర్చీలో.

నన్ను తొలిచేస్తున్న ప్రశ్న కూడా అదే. ఇంత వాయింపు ఉన్న మనిషి జీవితమంతా ఇంకొకరి పేరు మీద నడిచే బ్యాండులో ఉండిపోవడం ఆయనకు నష్టమా?

కొత్తశ్రోత

పెట్టె గారూ, మీ పోస్టు చూసి ఇప్పుడే విన్నాను. నాకు జాజ్ అంటే అసలు ఏమీ తెలియదు. సాక్సోఫోన్ అంటే కద్రి గోపాల్‌నాథ్ గారి త్యాగరాజ కీర్తనలు మాత్రమే తెలుసు, మా అమ్మ పొద్దున్నే పెట్టేది. ఈ పాట వినగానే ఆయనే గుర్తొచ్చారు. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వెళ్లేటప్పుడు మధ్యలో ఖాళీ లేకుండా సాగదీస్తున్నారు చూడండి, దాన్ని ఏమంటారు? మన గమకం లాంటిదేనా?

స్వరపల్లవి

కొత్తశ్రోత గారూ, మీ చెవి సరిగ్గానే పట్టుకుంది. మనం ‘జారు’ అంటాం, దశవిధ గమకాల గురించి చెప్పేటప్పుడు ఈ మాట వస్తుంది. వీణ మీద తీగ నొక్కిపట్టి వేలు అలా జరిపితే వచ్చేదే అది. అక్కడ వాళ్లు గ్లిస్సాండో అంటారు. నేను పిల్లలకు వీణ చెబుతాను కాబట్టి ఆ పాట వింటూ ఒకటి గమనించాను. ఆయన ప్రతి స్వరాన్నీ జార్చడు. రెండు మూడు స్వరాలు నిక్కచ్చిగా నిలబెట్టి, తర్వాత ఒక్కదాన్ని జారుస్తాడు. అందుకే ఆ ఒక్కటి మనసుకు తగులుతుంది. మా పిల్లలు అన్నిటినీ జార్చేసి రాగం రూపమే పోగొడతారు. ఈ పాట వాళ్లకు వినిపించాలని ఉంది.

అయితే ఒక తేడా ఉంది. మన దగ్గర గమకం రాగం అడిగితే వస్తుంది. ఇక్కడ అలాంటి నియమం లేదు. ఎక్కడ జార్చాలి, ఎంతసేపు జార్చాలి అన్నది పూర్తిగా ఆయన ఇష్టం. అది ఆయన సంతకం లాంటిది.

మేళం_క్లారినెట్

నేను గుంటూరు జిల్లాలో పెళ్లిళ్లకు బ్యాండు మేళంలో క్లారినెట్ వాయిస్తాను. ఆరు నెలల క్రితం పాత ఆల్టో సాక్సోఫోన్ ఒకటి కొన్నాను. మీరందరూ వినేవాళ్ల వైపు నుంచి రాస్తున్నారు, నేను వాయించేవాళ్ల వైపు నుంచి అడుగుతాను.

సాక్సోఫోన్‌లో స్వరాలన్నీ మీటల మీద ఉంటాయి. మీట నొక్కితే రంధ్రం మూసుకుంటుంది, వదిలితే తెరుచుకుంటుంది. సన్నాయికైతే రంధ్రం మీద వేలు కొద్దికొద్దిగా జరిపి సాగదీయొచ్చు. ఇక్కడ వేలికి రంధ్రమే తగలదు కదా. మరి ఈయన ఇంత పొడుగు జారు ఎలా తీస్తున్నాడు? నిన్న రాత్రి రెండు గంటలు కూర్చున్నా, రాలేదు. దయచేసి ఎవరైనా చెప్పండి.

పాతరికార్డులపెట్టె

క్లారినెట్ గారూ, మీలాంటివాళ్లు రావాలనే ఈ చర్చ పెట్టాను. నేను వాయించను కాబట్టి పద్ధతి చెప్పలేను. బోస్టన్‌లో ఉండే మన సభ్యులు ఒకరు సాక్సోఫోన్ క్లాసులకు వెళ్తున్నారని గుర్తు, ఆయన చూస్తే బాగుండు.

ఈలోగా ఆ జారు ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. న్యూ ఓర్లీన్స్‌లో పుట్టిన సిడ్నీ బెషే అని ఒక మహా విద్వాంసుడు ఉండేవాడు. క్లారినెట్, సొప్రానో సాక్సోఫోన్ (ఆల్టో కంటే పై స్థాయిది) వాయించేవాడు. సొప్రానో సాక్సోఫోన్‌ని జాజ్‌లోకి నిజంగా తెచ్చింది ఆయనే అనొచ్చు. ఆయన బోస్టన్‌లో ఒక థియేటర్‌కి వచ్చినప్పుడు కుర్రాడు హాడ్జెస్ చంకలో చిన్న సొప్రానో పెట్టుకుని వెళ్లి కలిశాడు. బెషే వాయించమంటే వాయించాడు. తర్వాత న్యూయార్క్ హార్లెమ్‌లో బెషే నడిపిన క్లబ్బులో ఆయన పక్కనే నిలబడి వాయించే అవకాశం కూడా వచ్చింది. ఆ నిండైన ధ్వని, స్వరాన్ని వంచే తీరు బెషే దగ్గర పట్టుకున్నవే. మనవాళ్లు గురువు పక్కన కూర్చుని వంతపాట పాడుతూ నేర్చుకుంటారే, అలాగన్నమాట.

చరిత్ర_చదువరి

1928 దగ్గర కొంచెం ఆగుదాం. ఎల్లింగ్టన్ బ్యాండులో అప్పటిదాకా ఆల్టో వాయించే ఓటో హార్డ్‌విక్‌కి కారు ప్రమాదంలో ముఖానికి దెబ్బలు తగిలాయి. ఆ ఖాళీలోకి హాడ్జెస్ వచ్చాడు. అప్పుడు బ్యాండు హార్లెమ్‌లోని కాటన్ క్లబ్‌లో వాయిస్తోంది. 1927 డిసెంబరులో మొదలుపెట్టి 1931 దాకా అదే వాళ్ల అడ్డా. వేదిక మీద వాయించేవాళ్లు, ఆడేవాళ్లు నల్లవాళ్లు. కింద కూర్చుని చూసేది తెల్లవాళ్లు మాత్రమే. తాము వాయిస్తున్న చోటికి సొంత తల్లిదండ్రులు ప్రేక్షకులుగా రాలేని పరిస్థితి. ఇది మరిచిపోయి ఆ సంగీతం వింటే సగమే విన్నట్టు.

1930లలో దక్షిణాది రాష్ట్రాలకు వెళ్లినప్పుడు ఎల్లింగ్టన్ బ్యాండు సొంతంగా రైలు బోగీలు అద్దెకు తీసుకుని తిరిగేది. తిండీ, నిద్రా అందులోనే. హోటళ్లు నల్లవాళ్లకు గది ఇచ్చేవి కావు కాబట్టి ఆ అవమానం పడకుండా అలా చేశారు. రాత్రి హాలులో జనం చప్పట్లు కొడతారు, అదే ఊళ్లో పడుకోవడానికి చోటుండదు. ఆ బోగీల్లో తిరిగినవాళ్లలో హాడ్జెస్ ఒకడు.

బోస్టన్_తెలుగు

ఆలస్యంగా చూశాను, క్షమించండి. నేనుండేది బోస్టన్ పక్కనే. హాడ్జెస్ వాళ్లు ఉన్న హామండ్ స్ట్రీట్ ఇక్కడ ఇప్పటికీ ఉంది. ఆ చుట్టుపక్కలే హ్యారీ కార్నీ పెరిగాడు. ఎల్లింగ్టన్ బ్యాండులో బారిటోన్ సాక్సోఫోన్ ఆయనదే. 1927లో పదిహేడేళ్ల వయసులో చేరి, 1974లో ఎల్లింగ్టన్ పోయేదాకా విడిచిపెట్టలేదు. అంటే ఒకే పేటలో పెరిగిన ఇద్దరు కుర్రాళ్లు, ఆ బ్యాండు సాక్సోఫోన్ వరసలో అటు పైన ఒకరు, ఇటు కింద ఒకరు. ఆల్టో వాళ్లలో ముందుండేది హాడ్జెస్, అడుగున బరువు మోసేది కార్నీ.

ఇప్పుడు క్లారినెట్ గారి ప్రశ్న. మా మాస్టారు నాకు నేర్పినట్టే రాస్తాను.

ముందు మౌత్‌పీస్ పెట్టుకుని మామూలుగా ఒక స్వరం నిలబెట్టండి. గాలి తగ్గకూడదు, ఇది ముఖ్యం. ఇప్పుడు మీటలు కదపకుండా కింది దవడ ఒక్క వెంట్రుకంత వదులు చేయండి. రీడ్ (మౌత్‌పీస్‌లో అదిరే పలుచని రెల్లు ముక్క) మీద పెదవి ఒత్తిడి తగ్గగానే స్వరం కిందికి వాలుతుంది. మళ్లీ మెల్లగా బిగించండి, పైకి వస్తుంది. మొదట వారం రోజులు ఇదే చేయాలి. ఆ తర్వాత వేళ్లు కలుస్తాయి. మీటను టక్కున వదలకుండా, అంటుకున్న కాగితం ఊడదీసినట్టు నెమ్మదిగా లేపుతూ పోవాలి. పెదవి వదులు, మీట లేపడం, లోపల నాలుక, గొంతు ఆకారం మారడం, ఈ మూడూ కలిస్తే మధ్యలో గీత కనబడదు. కింది నుంచి స్వరంలోకి ఎక్కాలంటే మొదట్లోనే పెదవి వదులుగా పెట్టి మొదలుపెట్టాలి.

మీకు క్లారినెట్ చేతిలో ఉంది కాబట్టి సగం పని అయిపోయినట్టే. కాకపోతే క్లారినెట్‌కి పెదవి బిగువు ఎక్కువ, అదే అలవాటుతో ఆల్టో పట్టుకుంటే ధ్వని సన్నబడుతుంది. దవడ ఇంకా వదలండి.

మేళం_క్లారినెట్

చాలా థాంక్స్ అన్నా. కాగితం ఊడదీసినట్టు అన్నారు చూడండి, అది అర్థమైంది. రేపటి నుంచి మొదలుపెడతాను.

లెస్టర్_అభిమాని

మంచి చర్చ. పెట్టె గారి అసలు ప్రశ్నకు నేను జవాబు చెబుతాను. నష్టమే.

హాడ్జెస్‌ని తక్కువ చేయడం లేదు. ఆల్టోలో దిగ్గజం చార్లీ పార్కర్ అంతటివాడు ఆయన్ని లిలీ పాన్స్ అనే ఒపెరా గాయనితో పోల్చాడు. 1938 జనవరి 16న క్లారినెట్ విద్వాంసుడు బెన్నీ గుడ్‌మన్ న్యూయార్క్ కార్నెగీ హాల్లో ఆ చరిత్రాత్మక కచేరీ చేసినప్పుడు ఎల్లింగ్టన్ బ్యాండు నుంచి పిలిపించుకున్నవాళ్లలో హాడ్జెస్ ఉన్నాడు. అంత పేరున్న మనిషి రికార్డు అట్ట మీద పెద్ద అక్షరాల్లో ఎప్పుడూ ఎల్లింగ్టన్ పేరే. ఇంకా ఘోరం ఏంటంటే, ఎల్లింగ్టన్ పేరు మీద చెలామణి అయిన కొన్ని పాటల్లో రాగం హాడ్జెస్ వాయింపు నుంచే పుట్టింది. 1938లో వచ్చిన ‘ఐ లెట్ ఎ సాంగ్ గో అవుట్ ఆఫ్ మై హార్ట్’ సంగతి జాజ్ చరిత్ర చదివినవాళ్లందరికీ తెలుసు. రచయితల పేర్లలో ఎల్లింగ్టన్ ఉన్నాడు, మేనేజర్ ఇర్వింగ్ మిల్స్ ఉన్నాడు. హాడ్జెస్ లేడు. తర్వాత రోజుల్లో వేదిక మీద అలాంటి పాట మొదలైనప్పుడు హాడ్జెస్ పియానో వైపు తిరిగి బొటనవేలితో చూపుడువేలు రుద్ది చూపించేవాడట, నా డబ్బులేవీ అన్నట్టు. నాకైతే అది తలుచుకుంటే కడుపులో మండుతుంది.

స్వరపల్లవి

ఇది తెలియదు నాకు. చాలా బాధగా ఉంది. మన దగ్గర కూడా పక్కవాద్యం వాళ్లకు కచేరీ కరపత్రంలో పేరు చిన్నదిగానే వేస్తారు. కానీ పక్కవాద్యం వాళ్లు ఒక్కరితోనే ఉండరు, ఈ రోజు ఒకరితో, రేపు ఇంకొకరితో వాయిస్తారు. 38 ఏళ్లు ఒక్కచోటే అంటే, ఆయన వెళ్లిపోవాలని అనుకోలేదా?

చరిత్ర_చదువరి

అనుకున్నాడు, వెళ్లాడు కూడా. 1951 మొదట్లో హాడ్జెస్, ట్రాంబోన్ లారెన్స్ బ్రౌన్, డ్రమ్స్ సానీ గ్రీర్ ముగ్గురూ కలిసి ఎల్లింగ్టన్‌ని వదిలిపెట్టారు. అప్పటికి హాడ్జెస్ ఆ బ్యాండులో 23 ఏళ్లు ఉన్నాడు. సొంతంగా చిన్న బ్యాండు పెట్టాడు. ‘కాసిల్ రాక్’ అని ఒక పాట బాగా ఆడింది. అయితే ఆ పాట రాసిందీ, అందులో ముందు నిలబడి వాయించిందీ టెనార్ సాక్సోఫోన్ (ఆల్టో కంటే కింది స్థాయిది) వాయించే అల్ సియర్స్. హాడ్జెస్ సొంత బ్యాండుకు దక్కిన పెద్ద హిట్టులో వినబడేది హాడ్జెస్ ఆల్టో కాదు.

1954లో ఆ బ్యాండులో ఒక కుర్రాడు కొన్నాళ్లు టెనార్ వాయించాడు. పేరు జాన్ కోల్ట్రేన్. తర్వాత జాజ్‌నే మలుపు తిప్పిన ఆ కోల్ట్రేనే. ఆయన తర్వాత రోజుల్లో కూడా హాడ్జెస్ గురించి ఎంతో గౌరవంగా మాట్లాడేవాడు. పక్కపక్కన వింటే ఇద్దరికీ పోలికే లేదనిపిస్తుంది. కానీ కోల్ట్రేన్ నెమ్మది పాటలు వినండి, స్వరాన్ని నిలబెట్టి పాడించే గుణం ఎక్కడిదో అర్థమవుతుంది.

1955లో హాడ్జెస్ మళ్లీ ఎల్లింగ్టన్ దగ్గరికి వచ్చేశాడు. బ్యాండు నడపడం అంటే హాళ్లు మాట్లాడుకోవాలి, జీతాలివ్వాలి, బస్సులు చూసుకోవాలి, వేదిక మీద జనంతో మాట్లాడాలి. హాడ్జెస్ మాటకారి కాదు. ముఖంలో నవ్వు కూడా కనబడేది కాదు. లేచి ముందుకొచ్చి, మైకు దగ్గర రాయిలా నిలబడి వాయించి, వెనక్కి వెళ్లి కూర్చునేవాడు.

బోస్టన్_తెలుగు

అభిమాని గారూ, మీ బాధ న్యాయమైనది. ఆ పాటల డబ్బు ఆయనకు రావాల్సిందే, అందులో వాదన లేదు. కానీ ‘నష్టమే’ అన్నదాన్ని ఒప్పుకోలేను. మీ పేరులోనే ఉన్న టెనార్ విద్వాంసుడు లెస్టర్ యంగ్ సంగతి తీసుకోండి.

1934లో ఫ్లెచర్ హెండర్సన్ బ్యాండులో కోల్‌మన్ హాకిన్స్ వెళ్లిపోతే ఆ చోటులో లెస్టర్‌ని పెట్టారు. హాకిన్స్‌ది బరువైన, గంభీరమైన ధ్వని. లెస్టర్‌ది తేలిక, గాలిలో తేలినట్టుంటుంది. బ్యాండులో మిగతావాళ్లకు నచ్చలేదు. హెండర్సన్ భార్య రోజూ పొద్దున్నే హాకిన్స్ రికార్డులు పెట్టి, ఇలా వాయించు అని వినిపించేది. లెస్టర్ కొద్ది నెలలకే బయటపడ్డాడు. తర్వాత కౌంట్ బేసీ బ్యాండులో తన ధ్వనికి తగిన చోటు దొరికింది కాబట్టి లెస్టర్ మనకు మిగిలాడు.

ఎల్లింగ్టన్ దగ్గర పద్ధతే వేరు. ఆయన సంగీతం రాసేటప్పుడు కాగితం మీద మొదటి ఆల్టో, రెండో ఆల్టో అని కాకుండా వాయించేవాళ్ల పేర్లు రాసేవాడు. ఎవరి గొంతు ఎక్కడ బాగుంటుందో, ఏ స్వరంలో ఎవరికి అందం వస్తుందో తెలిసి రాసిన సంగీతం అది. ఎల్లింగ్టన్‌తో కలిసి ఆ బ్యాండుకు పాటలు రాసిన బిల్లీ స్ట్రేహార్న్ కూడా అంతే. ‘డే డ్రీమ్’, ‘ప్యాషన్ ఫ్లవర్’, ‘ఇస్ఫహాన్’ అన్నీ హాడ్జెస్ ఊపిరిని మనసులో పెట్టుకుని రాసినట్టే ఉంటాయి. సొంత బ్యాండు పెట్టిన నాలుగేళ్లలో హాడ్జెస్‌కి అలాంటి పాటలు ఎవరు రాసిచ్చారు? ఒక్క మనిషి గొంతు కోసం ఇద్దరు గొప్ప రచయితలు దశాబ్దాల పాటు రాయడం ఇంకెవరికి దక్కింది?

లెస్టర్_అభిమాని

మీరు లెస్టర్‌ని తెచ్చి నన్ను ఇరికించారు బోస్టన్ గారూ. పేర్లు రాసేవాడన్న సంగతి నాకు తెలుసు గానీ ఇలా పక్కపక్కన పెట్టి ఆలోచించలేదు. హెండర్సన్ బ్యాండులో లెస్టర్ పడిన అవస్థ హాడ్జెస్‌కి ఎప్పుడూ రాలేదు, అది నిజం. డబ్బు విషయం మాత్రం వదలను.

పాతరికార్డులపెట్టె

వదలకండి. నాకూ రెండూ నిజమే అనిపిస్తోంది. ఆయన ఆ వేళ్లు రుద్దిన చేతులతోనే మరుక్షణం అదే పాటను అంత ప్రేమగా వాయించేవాడు. అందులో కోపం వినబడదు.

న్యూపోర్ట్ జాజ్ ఉత్సవం గురించి ఎవరూ ఎత్తలేదేం? 1956 జూలై 7 రాత్రి. అప్పటికి బిగ్ బ్యాండ్‌ల కాలం అయిపోయిందని అందరూ అనుకుంటున్నారు. ఎల్లింగ్టన్ బ్యాండు టెనార్ వాయించే పాల్ గొన్సాల్వెస్ లేచి ఒక బ్లూస్ మీద వరసగా 27 చుట్లు (పాట వరస మొత్తం తిరిగితే ఒక చుట్టు) వాయించాడు. జనం కుర్చీలెక్కారు. నలుపు గౌనులో ఒకావిడ ఆడటం మొదలుపెట్టింది, మైదానమంతా పూనకం వచ్చినట్టయింది. నిర్వాహకులకు టెన్షన్, తొక్కిసలాట అవుతుందేమోనని. అప్పుడు ఎల్లింగ్టన్ ఏం చేశాడు? హాడ్జెస్‌ని లేపాడు. హాడ్జెస్ వచ్చి ‘ఐ గాట్ ఇట్ బ్యాడ్’ నెమ్మదిగా వాయించాడు. ఆ గుంపును దారికి తేవడానికి ఆయన చేతిలో ఉన్న మందు అదొక్కటే. ఆ రాత్రి తర్వాత ఎల్లింగ్టన్ బొమ్మ టైమ్ పత్రిక ముఖచిత్రం అయింది.

ఆ రికార్డు కొనేవాళ్లకు ఒక మాట. గొన్సాల్వెస్ ఆ సోలో పొరపాటున వేరే మైకులో వాయించాడు, అది వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో వాళ్లది. అందుకే పాత రికార్డులో ఆయన దూరంగా వినబడతాడు. ఆ రికార్డులో వేరే కొన్ని భాగాలు స్టూడియోలో మళ్లీ వాయించి కలిపారు. రేడియో వాళ్ల టేపు దొరికాక రెండూ జత చేసి వేసిన ప్రతి 1999లో వచ్చింది. వింటే అదే వినండి.

కొత్తశ్రోత

మీరందరూ రాసినవి చదువుతూ రాత్రి ఒంటిగంట అయింది. ఒక సందేహం. ‘ఇస్ఫహాన్’ అంటే ఇరాన్‌లో ఊరు కదా? అమెరికా బ్యాండుకు ఆ పేరు ఎందుకు?

చరిత్ర_చదువరి

మంచి ప్రశ్న, ఎందుకంటే ఇందులో మన హైదరాబాద్ కూడా ఉంది.

1963లో అమెరికా విదేశాంగ శాఖ ఎల్లింగ్టన్ ఆర్కెస్ట్రాను పశ్చిమాసియా, దక్షిణాసియా దేశాలకు పంపింది. సెప్టెంబరులో డమాస్కస్‌లో మొదలైంది. ఇండియాలో ఢిల్లీ, హైదరాబాద్, బెంగళూరు, మద్రాసు, బొంబాయి, కలకత్తా వాళ్ల దారిలో ఉన్నాయి. ఢిల్లీలో ఎల్లింగ్టన్‌కి జబ్బు చేసి ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. నవంబరు 22న కెనెడీ హత్య జరిగినప్పుడు బ్యాండు టర్కీలో ఉంది, ప్రయాణం అక్కడితో ఆపేశారు.

ఆ ప్రయాణం జ్ఞాపకంగా మూడేళ్ల తర్వాత ‘ఫార్ ఈస్ట్ స్వీట్’ (స్వీట్ అంటే ఇక్కడ పాటల వరస) రికార్డు చేశారు. అందులో ‘ఆగ్రా’ పేరుతో ఒక పాట ఉంది, దాన్ని కార్నీ బారిటోన్ మీద వాయిస్తాడు. ఢిల్లీలో స్ట్రేహార్న్ విన్న ఒక గోరింక కూత మీద ఇంకో పాట ఉంది. ‘ఇస్ఫహాన్’ మాత్రం ప్రయాణానికి కొన్ని నెలల ముందే స్ట్రేహార్న్ ‘ఎల్ఫ్’ అని వేరే పేరుతో రాసుకున్నది. తర్వాత ఆ ఊరి పేరు పెట్టి ఈ వరసలో చేర్చారు. అయినా ఆ పేరే దానికి అతికిపోయింది.

పాతరికార్డులపెట్టె

హైదరాబాద్ పేరు మొదటిసారి చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మా ఊరికి ఆ బ్యాండు వచ్చిందా అని! ఇక్కడ ఎవరి ఇళ్లలోనైనా ఆ కచేరీకి వెళ్లిన పెద్దవాళ్లు ఉంటే దయచేసి అడిగి రాయండి. టికెట్టు ముక్క ఉన్నా, కరపత్రం ఉన్నా, ఊరికే జ్ఞాపకం ఉన్నా సరే. అప్పుడు ఇరవై ఏళ్లు ఉన్నవాళ్లకు ఇప్పుడు ఎనభై దాటింది, ఆలస్యం చేయకండి.

స్వరపల్లవి

మా పెదనాన్నగారు అప్పట్లో సికింద్రాబాద్‌లో ఉద్యోగం చేసేవారు. ఆయనకు ఇంగ్లీషు పాటలంటే ఇష్టం. ఆదివారం ఫోన్ చేసి అడుగుతాను.

చరిత్ర_చదువరి

ఆయన చివరి రోజుల గురించి కూడా రాసేస్తాను, లేకపోతే చర్చ సగంలో ఉన్నట్టుంటుంది.

స్ట్రేహార్న్ క్యాన్సర్‌తో ఆసుపత్రిలో ఉండి చివరగా పూర్తి చేసిన పాట ‘బ్లడ్ కౌంట్’. అక్కడి నుంచే బ్యాండుకు పంపాడు. 1967 మే 31న చనిపోయాడు. ఆగస్టులో ఎల్లింగ్టన్ బ్యాండు ఆయన జ్ఞాపకంగా చేసిన రికార్డులో ఈ పాట వాయించింది హాడ్జెస్. ఎప్పుడూ ముఖంలో భావం కనబడనివ్వని మనిషి. ఇక్కడ మాత్రం స్వరం మధ్యలో ఒకచోట పెద్దగా లేస్తుంది, అరుపుకీ ఏడుపుకీ మధ్యలో ఉంటుంది. మళ్లీ వెంటనే తగ్గిపోతుంది. ఇల్లంతా నిద్రపోయాక వినండి.

హాడ్జెస్ కుర్రతనంలో వాయించిన సొప్రానోని 1940 తర్వాత పక్కన పెట్టేశాడు. రెండు వాద్యాలు వాయిస్తే రెండింటికీ డబ్బు ఇవ్వాలన్నది ఆయన వాదన అంటారు. 1970లో ఎల్లింగ్టన్ న్యూ ఓర్లీన్స్ మీద ఒక రికార్డు చేస్తూ, అందులో సిడ్నీ బెషే పేరు మీద ఒక పాట రాసి, ఆ ఒక్కదానికి మళ్లీ సొప్రానో పట్టుకోమని హాడ్జెస్‌ని అడిగాడు. ఏప్రిల్ చివర్లో ఆ రికార్డులోని వేరే పాటకు హాడ్జెస్ ఆల్టో వాయించాడు. మే 11న న్యూయార్క్‌లో దంతవైద్యుడి దగ్గరికి వెళ్లినప్పుడు అక్కడే గుండెపోటు వచ్చి చనిపోయాడు. బెషే పాట రికార్డు చేసే రోజు ఇంకా రానేలేదు. ఆ పాటను తర్వాత గొన్సాల్వెస్ టెనార్ మీద వాయించాడు.

ఇక మా బ్యాండు ఎప్పటికీ మునుపటిలా వినబడదని ఎల్లింగ్టన్ అప్పుడన్నాడు.

లెస్టర్_అభిమాని

గురువు పేరు మీద పాట, గురువు వాద్యం, ముప్పై ఏళ్ల తర్వాత. చావు ఇంకొద్ది రోజులు ఆగి ఉంటే ఎంత బాగుండేది. ఇంతకంటే ఏమీ రాయలేకపోతున్నాను.

మేళం_క్లారినెట్

పది రోజుల తర్వాత వచ్చాను. మూఢం వెళ్లిపోయి వరసగా పెళ్లిళ్లు, అందుకే రాయలేదు.

బోస్టన్ అన్నా, మీరు చెప్పినట్టు రోజూ పొద్దున అరగంట దవడ వదులు చేయడం ఒక్కటే చేశాను. మొదటి మూడు రోజులు స్వరం వాలిపోయి మళ్లీ లేచేది కాదు. గాలి తగ్గిస్తున్నానని నాలుగో రోజు తెలిసింది. అప్పటి నుంచి కడుపు బిగించి గాలి అలాగే ఉంచి పెదవి ఒక్కటే వదులుతున్నాను. ఇప్పుడు అర స్వరం దాకా జారుతోంది. మొత్తం స్వరం ఇంకా రాలేదు, మధ్యలో గీత కనబడుతోంది.

నిన్న పెళ్లిలో అప్పగింతల దగ్గర మా మేళం పెద్దాయన నన్ను వాయించమన్నారు. ఆల్టో తీశాను. చివరి చరణంలో పై స్వరం పట్టుకుని ఒక్కచోట జార్చాను. స్వరపల్లవి గారు ఒక్కదాన్నే జార్చాలన్నారు కదా, అందుకని ఒక్కటే. పెళ్లికూతురి తండ్రి తల తిప్పి నా వైపు చూశారు. డోలు వాయించే మా బాబాయి తర్వాత బండెక్కుతుంటే అడిగారు, ఆ ముక్క ఎక్కడ పట్టావురా అని. ఫోన్‌లో ‘ఇస్ఫహాన్’ పెట్టి ఇచ్చాను. ఊరు వచ్చేదాకా ఆయన ఫోన్ తిరిగి ఇవ్వలేదు.